అమ్మ నేర్పిన చీలమండ పట్టు

మొన్న సెలవులకు కోరుట్ల వెళ్ళేసరికి అమ్మ డాబా మీద కార్పెట్ దులుపుతోంది. ముదురు ఎరుపు రంగు, అంచుల్లో పసుప్పచ్చ పువ్వులు, ఒక మూల ఇస్త్రీపెట్టె కాల్చిన మచ్చ. ఖతర్ వదిలి వచ్చేటప్పుడు సగం సామాను అక్కడి వాళ్ళకే ఇచ్చేసిన మనిషి, దీన్ని మాత్రం పట్టుబట్టి కార్గోలో వేయించింది. పిట్టగోడ మీద పరిచి కర్రతో కొడుతుంటే ఇన్నేళ్ళకు కూడా సన్నటి ఇసుక రాలుతూనే ఉంది. పొడి గాలి వాసన, కొంచెం ఊదు వాసన, ఎప్పుడో ఒలికిన టీ వాసన. "ఎన్నిసార్లు దులిపినా ఒడుస్తలేదు" అని విసుక్కుంది అమ్మ. నేనూ ఒక కర్ర తీసుకుని రెండో వైపు నిలబడ్డాను. కొడుతూ కొడుతూ ఇద్దరం ఒకరినొకరు చూసుకుని నవ్వేశాం. కింద మంచం మీద బాపు ఏమైందని అడిగాడు. ఏం లేదన్నాం. ఒక చలికాలమంతా అమ్మ నన్ను ఎత్తి పడేసింది ఈ కార్పెట్ మీదే.

మేమప్పుడు ఖతర్‌లోని ముఐథర్‌లో, ఒక పెద్ద విల్లాను అరలు అరలుగా విడగొట్టి అద్దెకిచ్చిన పోర్షన్‌లో ఉండేవాళ్ళం. ఒక గది, ఒక హాలు, మెట్ల కింద వంటిల్లు. బాపు స్టేడియం కడుతున్న కంపెనీలో సైట్ సూపర్‌వైజర్. చీకటితోనే లేచి, చప్పుడు చేయకుండా తయారయ్యి, గడప అవతల కూర్చుని సేఫ్టీ బూట్లు తొడుక్కునేవాడు. ఆ బూట్లు లోపలికి రాకూడదని అమ్మ కట్టుదిట్టం చేసింది. రాత్రిళ్ళు వాటి మీద వీధి పిల్లులు పడుకునేవి, పొద్దున్నే బాపు వాటిని బతిమాలి లేపేవాడు. సాయంత్రం ఇంటికొచ్చిన చొక్కాకు డీజిలు, వెల్డింగు, ఎండ కలిసిన వాసన. అమ్మ దాన్ని విడిగా నానబెట్టేది. ఆ రోజుల్లో ఊరంతా తవ్వకాలే. నిన్న వెళ్ళిన రోడ్డు ఇవాళ ఉండేది కాదు, రాత్రికి రాత్రి సిమెంటు దిమ్మెలు పెట్టి ఇంకో వైపు తిప్పేవారు. ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు కోసం దేశాన్ని విప్పి మళ్ళీ కుడుతున్నట్టు ఉండేది. ఊర్నుంచి నాయనమ్మ ఫోన్ చేసి, "దుబాయ్‌ల గా ఆట అయిపోయినంక గన్ని గద్దెలు ఏంజేత్తరు బిడ్డా?" అని అడిగేది. ఖతర్ అని ఎన్నిసార్లు చెప్పినా ఆమెకు అది దుబాయే, స్టేడియాలు గద్దెలే. ఆ ప్రశ్న రాగానే బాపు ఊళ్ళో వానల గురించి అడిగేవాడు. గద్దెలు ఏమవుతాయో గానీ, గద్దెలు కట్టినవాళ్ళు ఏమవుతారన్నది మా ఇంట్లో ఎవరూ పైకి అనని మాట.

నాకప్పుడు పదమూడేళ్ళు. నలుగురిలో నోరు విప్పితే చెవులు ఎర్రబడేవి. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యి లేచేది కాదు. ఇంటికొచ్చి దాన్ని డైరీలో రాసుకునేదాన్ని, టీచర్ మెచ్చుకున్నట్టు కూడా నేనే రాసుకునేదాన్ని. మిగతా సమయమంతా నీళ్ళ ట్యాంకు పక్కన నీడలో పుస్తకం పెట్టుకుని కూర్చోవడమే. అలాంటి నన్ను రగ్బీ లీగ్‌లోకి లాగింది పై పోర్షన్‌లో ఉండే సనా. వాళ్ళది హైదరాబాద్, నాకంటే ఏడాది పెద్ద, మాట్లాడటం మొదలుపెడితే తెలుగూ దక్కనీ కలిసి వాన కురిసినట్టు ఉండేది. ఆ చలికాలం పదిహేనేళ్ళలోపు అమ్మాయిలకు నాలుగు టీములతో పోటీలు పెడుతున్నారట, వాళ్ళ టీముకు ఒకరు తక్కువట.

"తొమ్మిది మంది కావాలె, ఎనిమిది మందిమే ఉన్నం. నువ్వు రా."

"నాకు రాదు సనా."

"ఎవరికొచ్చు? నాకు వస్తదా? నక్కో నక్కో అనకుండ ఒక్కసారొచ్చి నిలబడు. నువ్వు మాట్లాడకున్నా పర్వాలే, బాల్ మాట్లాడుమని అడగదు."

ఆ చివరి మాట నన్ను గెలిచింది. బాపు ఏదో పరుగు పందెం లాంటిదనుకుని సరేనన్నాడు. అమ్మ మాత్రం మొదటి రోజు ప్రాక్టీసుకు తోడొచ్చి, గడ్డి మైదానం అంచున చెప్పులు విడిచి కూర్చుంది. మా కోచ్‌ను లూసీ మిస్ అనేవాళ్ళం. వెడల్పాటి భుజాలు, ఎండకు కమిలిన ముక్కు, గొంతు మాత్రం పావురం కువకువలాడినట్టు మెత్తగా. ఆమె చెప్పిన ఆట తేలికగానే అర్థమైంది. బంతి చంకలో పెట్టుకుని ముందుకు ఉరకాలి, ఎదుటివాళ్ళు నిన్ను పట్టి పడేస్తారు. పడ్డావంటే పట్టినవాళ్ళు వదిలేయాలి, నువ్వు లేచి బంతిని కాలితో వెనక్కి దొర్లించాలి, మీవాళ్ళు అందుకుని మళ్ళీ ఉరకాలి. అలా ఆరుసార్లు పట్టుబడితే బంతి అవతలి వాళ్ళది. బంతిని ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. నాకు భయం వేసింది ఉరకడానికి కాదు, ఎదురొచ్చే మనిషిని పట్టడానికి. మొదటి రోజు ఎవరొస్తున్నా నేను మర్యాదగా పక్కకు తప్పుకుని దారిచ్చాను. సనా నడుము మీద చేతులు పెట్టుకుని, "పెళ్ళికి పిలిచినట్టు రానిస్తున్నవేందే!" అని అరిచింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి అమ్మ వంటింట్లోకి పోలేదు. హాల్లో సోఫా గోడకు జరిపింది, కొంగు నడుముకు చుట్టుకుంది, కార్పెట్ మీద నిలబడి "నా మీదికి ఉరుకు" అంది. నేను నవ్వాను. "ఉరుకుమంటున్న" అంది. ఉరికాను. ఏం జరిగిందో తెలియదు, చూసేసరికి పైకప్పు కనిపించింది. నా చీలమండ అమ్మ రెండు చేతుల్లో బిగుసుకుని ఉంది. అమ్మ బడి రోజుల్లో కబడ్డీ ఆడేదని, ఎడమ మూల ఆమెదేనని, కూతకొచ్చిన పిల్ల కాలు ఆమె చేతికి చిక్కితే ఇక తిరిగి గీత తాకింది లేదని నాకు ఆ సాయంత్రం దాకా తెలియదు. ఆమె ఎప్పుడూ చెప్పలేదు. పప్పు గుత్తి, బట్టల సబ్బు, కూరల సంచి మోసిన చేతులుగానే నాకు ఆ చేతులు తెలుసు. ఆ రోజు నుంచి బాపు రాకముందు రోజూ కాసేపు అదే పని. కళ్ళు చూడొద్దు, కాళ్ళు చూడు. ఎదురుపోకు, పక్కకుండు, వంగు, అందుకో. పడేసినంక అసలు పని మొదలైతది. కింద పడ్డా చేయి చాపి గీత ముట్టిందంటే మనోళ్ళందరు అవుట్. అందుకే ఇడువకు, ఊపిరాగినా ఇడువకు. ఈ చివరి పాఠమే మా ఇద్దరినీ ముంచింది.

ఎందుకంటే రగ్బీ లీగ్‌లో చాపి ముట్టడానికి నడిమి గీత అంటూ ఏమీ లేదు. మనిషి పడి, రిఫరీ "హెల్డ్" అన్నాడంటే చేతులు తీసేయాలి. తీయకపోతే తప్పు మనదే, వాళ్ళకు ఊరికే ముందుకు పోయే అవకాశం దొరుకుతుంది. మొదటి మ్యాచ్‌లో నేను ఎవరినీ వదిలిపెట్టలేదు. వదలకపోవడం మీదే నా మనసంతా. ఒక వైపు నుంచి లూసీ మిస్ "లెట్ గో, అఖిలా!" అని, ఇంకో వైపు నుంచి అమ్మ "ఇడువకు బిడ్డా! పట్టు పట్టు!" అని. నాకు పుట్టినప్పటి నుంచి తెలిసిన గొంతు అమ్మది. రిఫరీ విజిల్ వేసి వేసి అలిసిపోయాడు. ఓడిపోయాం. లూసీ మిస్ చెప్పిందంతా సనా వాళ్ళ కారు దగ్గరికి నడుస్తూ నేను అమ్మకు తెలుగులో చెప్పాను. అమ్మ నమ్మలేదు. "పట్టుకున్నంక ఇడిశిపెట్టుడేంది? ఇదేం ఆటనే! గట్లయితే పట్టుడెందుకు?" అంది. సనా వెనకసీట్లో పడీపడీ నవ్వింది. "ఆంటీ, మీరు రిఫరీగా రావాలె."

తర్వాతి వారాల్లో నేర్చుకున్నాను. కనీసం ప్రాక్టీసులో. లూసీ మిస్ నాకొక ఉపాయం చెప్పింది, ఎదుటి అమ్మాయి నేలకు తాకగానే రెండు అరచేతులు తెరిచి ఆకాశానికి చూపించమని. అలా చేస్తే ఏదో మొక్కుతున్నట్టు ఉండేది. రెండు మ్యాచ్‌లు గెలిచాం కూడా. శుక్రవారాలు నాకు ఇష్టమవసాగాయి. తడి గడ్డి, నారింజ ముక్కలు, మోకాళ్ళ మీద పచ్చ మరకలు, అన్నిటికంటే ఎవరూ నన్ను మాట్లాడమని అడగకపోవడం. డైరీలో మొదటిసారి నిజంగా జరిగినవే రాయడం మొదలుపెట్టాను.

ఆ శుక్రవారం బాపుకు సెలవు దొరికింది. ఆట చూడటానికి రావడం అదే మొదలు. దూరంగా కంచె పక్కన కారు నీడలో నిలబడ్డాడు. అవతలి టీములో మ్యాడీ అనే అమ్మాయి ఉంది. పొడుగు, గట్టి మనిషి, రాగి రంగు జడ. బంతి దొరికితే మావాళ్ళను చెట్లను దాటుకుంటూ పోయినట్టు పోతోంది. ఆట ముగియబోతుండగా నా వైపే వచ్చింది. కళ్ళు చూడలేదు, కాళ్ళు చూశాను. పక్కకుండి వంగి అందుకున్నాను. చీలమండ నా రెండు చేతుల్లోకి సరిగ్గా వచ్చి కూర్చుంది, ఆమె పడింది. రిఫరీ మాట వినిపించింది. అదే క్షణంలో అమ్మ గొంతు కూడా. "ఇడువకు!" నా చేతులు తెరుచుకోలేదు. మ్యాడీ ఆట ప్రకారం వెంటనే లేవబోయింది, కాలు నా చేతుల్లోనే ఉండగా మిగతా మనిషంతా తిరిగింది. ఆ అరుపు నాకు ఇంకా గుర్తుంది. ఎత్తుగా ఉన్న ఒకాయన కంచె దాటి మైదానంలోకి ఉరికొచ్చి, కూతుర్ని రెండు చేతుల మీద ఎత్తుకుని కారు వైపు నడిచాడు. నన్ను చూడనైనా లేదు. నేను బాపు వైపు చూశాను. ఆయన తల దించుకుని కారు వెనక్కి జరిగాడు. దాక్కుంటున్నాడని అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది.

ఇంటికి వెళ్ళాక చెప్పాడు. "గాయిన మా ప్రాజెక్ట్ మేనేజర్."

అమ్మ చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. బాపు కట్టే స్టేడియం అప్పటికి పూర్తికావొచ్చింది. పని అయిపోగానే కొందరిని కంపెనీ ఇంకో సైటుకు పంపుతుంది, మిగతావాళ్ళు సామాను సర్దుకుని శాశ్వతంగా ఇంటికి పోవాల్సిందే. ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో చెప్పేది ఆ మేనేజర్, గ్రెగ్ సారే. బాపుతో పాటు చేరినవాళ్ళలో కొందరికి అప్పటికే చెప్పేశారు. మాకింకా ఏ కబురూ లేదు. నాకు ఏడాదిలో పదో తరగతి. ఊళ్ళో ఇల్లు సగం గోడల దగ్గర ఆగి ఉంది. ఇవన్నీ నాకు ఎవరూ చెప్పలేదు, ఆ వారం అమ్మా బాపూల అరాకొరా మాటల్లోంచి నేనే ఏరుకున్నాను. బాపు నన్ను ఒక్క మాట అనలేదు. సైట్‌లో గ్రెగ్ సార్ ఒక మెట్ల వైపు నుంచి వస్తే ఈయన ఇంకో మెట్ల వైపు నుంచి దిగిపోయేవాడట. అమ్మ కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. మాట్లాడితే ఒకటే మాట, "నా నోరు పడిపోను, ఎందుకొర్లిన్నో." రాత్రి గోడ అవతల బాపు అటూ ఇటూ దొర్లడం వినిపించేది. తెల్లారి బూట్లు వేసుకునేటప్పుడు పిల్లుల్ని కూడా పలకరించేవాడు కాదు. నేను ప్రాక్టీసుకు పోనన్నాను. సనా తలుపు తట్టి, "అరె, ఆటల దెబ్బలు తగలవా? నా పన్ను ఊడింది, నేనేమన్న పోలీసులకు చెప్పిన్నా?" అంది. ఆమెకు అసలు సంగతి చెప్పలేకపోయాను.

తర్వాతి గురువారం సాయంత్రం అమ్మ తేల్చేసింది. "దెబ్బ తగిలిన పిల్లను పలుకరియ్యకుంటే ఎట్ల? పోదాం."

"ఏడికి? ఆయన ఇంటికా?" బాపు లేచి నిలబడ్డాడు. "నీకేమన్న తెలుస్తుందా? వాళ్ళల్ల గట్ల పోరు. ఫోన్ చేయకుండ పోతే గేటు కాడనే ఆపుతరు. ఇగ పనికోసమే ఒచ్చిన్రు అనుకుంటడు."

"అనుకోనీ. మన ఊళ్ళె అయితే తెల్లారే పోకపోదుమా? పగోని పిల్ల అయినా పోదుము. ఆ పిల్ల కాలు చూడకుండ నాకు బువ్వ పోతలేదు. నువ్వు రాకుంటే నేనూ పిల్లా టాక్సీల పోతం."

మేమిద్దరం టాక్సీలో పోతే ఏ ఊళ్ళో తేలుతామోనన్న భయంతోనే బాపు కారు తీశాడనుకుంటాను. దానిమ్మ పళ్ళు, ఒక డబ్బా తీపి గర్జెలు, ఇంకో చిన్న స్టీలు గిన్నెలో పసుపు, ఉప్పు, బియ్యప్పిండి కలిపి ఉడికించిన పట్టు. మూత సందుల్లోంచి కారంతా పసుపు వాసన. వెనక కూర్చుని నేను ఇంగ్లీషులో ఒక క్షమాపణ వాక్యం కూర్చుకుని, పెదాలు కదపకుండా మళ్ళీ మళ్ళీ అనుకున్నాను. ఇళ్ళన్నీ ఒకే రంగులో ఉన్న కాంపౌండ్ అది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను బాపు ఇంగ్లీషు ఒక నిమిషం విని, "అన్నా, ఏ జిల్లా?" అన్నాడు. అతనిది నిర్మల్ దగ్గర. అమ్మ కిటికీలోంచి తల పెట్టి సంగతంతా చెప్పేసింది. "పలుకరియ్య ఒచ్చిన్రా? ఇన్నేండ్లల్ల ఈడికి గందుకు ఒచ్చినోళ్ళను మిమ్ముల్నే చూస్తున్న వదినా" అని నవ్వి, లోపలికి ఫోన్ కలిపాడు.

తలుపు తీసింది మ్యాడీయే. కాలికి పట్టీ, చంక కింద ఊతకర్ర. నన్ను చూసి గుర్తుపట్టింది. నేను కూర్చుకున్న వాక్యం మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. ఆమె నా భుజం మీదుగా అమ్మను చూసి, "బయటి నుంచి అరిచేది మీ అమ్మే కదా? ఏమని అరుస్తుంది?" అని అడిగింది. వదలొద్దు అని, అన్నాను. మ్యాడీ గట్టిగా నవ్వింది. "నాకు తెలుగు రాదు గానీ ఆ మాట మాత్రం నా కాలికి అర్థమైంది." ఎముక విరగలేదని, బెణికిందని, మూడు నాలుగు వారాల్లో పరిగెత్తవచ్చని డాక్టరు చెప్పాడట. నేను తెలుగులో చెప్పగానే అమ్మ రెండు చేతులు జోడించి, ఇక ఎవరినీ అడగకుండా తెల్లటి సోఫా ముందు కింద కూర్చుని గిన్నె మూత తీసింది. మ్యాడీ వాళ్ళమ్మ ఆ పచ్చటి ముద్దను చూసి, ఇది తినేదా అని మర్యాదగా అడిగింది. మ్యాడీ పట్టీ విప్పి కాలు చాపింది. వాళ్ళమ్మ పరుగెత్తి పాత తువ్వాళ్ళు తెచ్చి సోఫాకు కప్పింది. అమ్మ ఆ చీలమండను అటూ ఇటూ తడిమి, వాపు ఎక్కడుందో వేళ్ళతోనే చూసి, గోరువెచ్చటి పట్టు పెట్టింది. పట్టుకోవడమే తెలిసిన చేతులనుకున్నాను.

అప్పుడు పై మెట్ల నుంచి గ్రెగ్ సార్ దిగాడు. బాపు తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు, చెప్పులు విడిచి. హెల్మెట్, పచ్చ కోటు లేని బాపును ఆయన మొదట పోల్చుకోలేదు. బాపు "సార్, సారీ సార్, మై డాటర్ సార్" అన్నాడు. గ్రెగ్ సార్ దగ్గరికొచ్చి ముఖంలోకి చూసి, "గంగా?" అన్నాడు. గంగారాం అనే పూర్తి పేరుకు ఆ కంపెనీలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. ఈ అమ్మాయి నీ కూతురా, ఇంత చిన్న మనిషి మా పిల్లను పడేసిందా అని ఆశ్చర్యపోయాడు. ఆయన పుట్టిన ఊళ్ళో ఈ ఆటే ఊపిరట. రిఫరీ ఆపమన్నాక పట్టుకోవడం తప్పేగానీ, అంతకు ముందు నువ్వు పట్టిన తీరు బాగుందని నాతో అన్నాడు. చెవులు ఎర్రబడి నేలచూపులు చూశాను. అంతటితో మాట అయిపోయిందనుకుని బాపు వెనక్కి తిరగబోయాడు. అప్పుడు ఆయన మామూలుగా, వాతావరణం గురించి అడిగినట్టు అడిగాడు, వచ్చే నెల కొత్త సైటుకు దూరం ఎక్కువవుతుంది కదా, ఇల్లు మారతారా లేక ఇక్కడే ఉంటారా అని.

తాను విన్నది సరేనా అన్నట్టు బాపు నా వైపు చూశాడు.

ఆఫీసు వాళ్ళు చెప్పలేదా అన్నాడాయన. పైకప్పు పని నడుస్తున్నప్పుడే నీ పేరు ఇచ్చానే, చాలా రోజులైంది కదా అన్నాడు. చెప్పలేదని బాపు తల అడ్డంగా ఊపాడు. గ్రెగ్ సార్ ఆఫీసు వాళ్ళను ఏదో తిట్టుకున్నాడు, శనివారమే చెప్పిస్తానన్నాడు. అంటే మేము ఉప్పు రెండుసార్లు తిన్న ఆ వారానికి ముందే, నేను మ్యాడీ కాలు పట్టుకోవడానికి ముందే, అసలు మేము ఒక్క మ్యాచ్ గెలవడానికి ముందే ఆ సంగతి తేలిపోయింది. ఏ మెట్ల మీదైనా బాపు ఆయనకు ఎదురుపడి ఉంటే ఆ రోజే తెలిసేది. కింద కూర్చున్న అమ్మ నా చున్నీ గుంజి, "ఏమంటుండే? తిడుతుండా?" అని గుసగుసగా అడిగింది. లేదమ్మా, బాపును ఉంచుకున్నరట, అన్నాను. అమ్మ పసుపు చేతులతోనే ముఖం కప్పుకుంది. చేతులు తీసేసరికి నుదురూ బుగ్గలూ పచ్చగా ఉన్నాయి, మ్యాడీ దాన్ని చూసి మళ్ళీ నవ్వింది.

ఆ సీజన్‌లో మేము నాలుగు టీముల్లో మూడో స్థానంలో నిలిచాం. నేను చివరి దాకా ఆడాను, అమ్మ చివరి దాకా అరిచింది, మాట మాత్రం "పట్టు, ఇడువు!" అని మార్చుకుంది. ఇప్పుడు నాకు ఇరవై దాటాయి. ఉద్యోగాల కోసం రాసిన పరీక్షల ఫలితాల కోసం ఎదురుచూస్తున్నాను. కబురు రాని రోజులు మనిషిని ఏం చేస్తాయో ఇప్పుడు నాకు కొంచెం తెలుసు. అప్పుడు నాకు వినిపించింది బాపు అటూ ఇటూ దొర్లే చప్పుడు మాత్రమే. ఇప్పుడు ఫోన్ మోగితే ముందు భయం వేస్తుంది, తర్వాత ఆశ. బాపు ఇన్నేళ్ళు దాన్ని ముఖం మీదికి రానీయకుండా ఎలా మోశాడో అని అనుకుంటూ ఉంటాను. కాకపోతే ఒక్కటి, అలాంటి కబుర్లలో కొన్ని మనం భయపడుతున్న సమయానికే మంచివైపు తేలిపోయి ఉంటాయని కూడా ఆ ఇంట్లోనే తెలిసింది. అందరికీ అలా తేలవు. బాపుతో వచ్చి ముందే తిరిగిపోయినవాళ్ళ పేర్లు ఆయన ఇప్పటికీ అప్పుడప్పుడు తలుచుకుంటాడు.

ఆ సాయంత్రం మ్యాడీ వాళ్ళింటి నుంచి తిరిగి వస్తూ బాపు కారు నెమ్మదిగా నడిపాడు. అమ్మ నోరు మాత్రం ఆగలేదు. ఆ పిల్ల ఎముక గట్టిదని, వాళ్ళమ్మ మంచిదని, గర్జెలు రెండు తిన్నదని. దారిలో ఒక టీ దుకాణం ముందు బాపు కారు ఆపి హారన్ కొట్టాడు. మూడు కరక్ చాయ్‌లు వచ్చాయి. ఏలకుల వాసన, కప్పుల మీద పొగ. ఎదురుగా మెట్రో కోసం కడుతున్న స్తంభాల మీద దీపాలు వెలుగుతున్నాయి. నేను కిటికీలోంచి వాటిని చూస్తూ, రేపు మ్యాచ్‌కు వెళ్ళొచ్చా అని అడిగాను. వంగి చూశాను. బాపు సీటుకు తల ఆనించి నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది, కప్పు చేతిలోనే ఉంది, సగం చాయ్ అలాగే ఉంది. వెనక ఒక పెద్ద కారు దారి వదలమని హారన్ మోగించింది. అమ్మ కిటికీ దించి, వాళ్ళకు తెలుగు వస్తుందా రాదా అని చూడకుండా, పక్క నుంచి పొమ్మని చెయ్యి ఊపింది. తర్వాత బాపు వేళ్ళ మధ్య నుంచి కప్పును మెల్లగా తీసుకుంది.

"లేపాల్నా అమ్మా?" అన్నాను.

"లేపకు. పండనియ్" అంది.